నాలుగని చెప్పిన నోరు

విరుదునగరం,
1931 మార్చి 4.

చెల్లెలు జ్ఞానతాయికి అన్న వేదమాణిక్కం దీవెనలు. పొన్నయ్య బావకు వందనాలు, పిల్లలకు ముద్దులు.

క్షేమంగా ఇల్లు చేరాను. రైల్లో సాత్తూరు దాకా నిలబడే వచ్చాను. అక్కడ ఒక మిరపకాయల వ్యాపారి జాలిపడి తన మూట మీద కూర్చోమన్నాడు. ఆ పుణ్యాత్ముడి దయవల్ల రెండు రోజులుగా తుమ్ముతూనే ఉన్నాను.

నేను బయలుదేరుతుంటే నువ్వు పొయ్యి దగ్గరనుంచి లేవలేదు. పోయిరమ్మని ఒక మాట కూడా అనలేదు. కోపం ఎందుకో నాకు తెలుసు. తలల లెక్క రాసే ఆయన మీ మిల్లు లైను ఇళ్ళకు వచ్చి బిడ్డలెందరని అరవంలో అడిగితే, నువ్వు తడుముకోకుండా ముగ్గురన్నావు. అప్పుడు నాలుగోది, మన పాప్పా, నీ వెనకే నక్కి నా వేలు పట్టుకుని ఉంది. నేను ఊరుకోలేకపోయాను. ఇంకొక ఆడబిడ్డ ఉంది, మూడేళ్ళది అని చెప్పి దాన్ని ముందుకు తెచ్చి చూపించాను. ఆయన ముగ్గురు కొట్టేసి నలుగురని రాసుకున్నాడు.

నా సంగతి కూడా ఆలోచించు తాయీ. ఈ ఊళ్ళో రెండు వీధులకు లెక్క రాసింది నేనే. వాకిళ్ళ మీద నంబర్లు వేసిన తారు మరక ఇంకా నా గోళ్ళలోంచి పోలేదు. ఊరందరినీ నిజం చెప్పమని అడిగి, సొంత చెల్లెలి ఇంట్లో అబద్ధం వింటూ ఎలా నిలబడను? మిషను గుడిలో వాక్యం చెప్పే ఉపదేశికి అది తగునా?

నాయన చిన్నప్పుడు చెప్పిన దావీదు కథ నీ మనసులో ఉండిపోయింది. రాజు జనాన్ని లెక్కపెట్టించాడు, దేవుడు తెగులు పంపాడు, డెబ్బై వేలమంది పోయారు. నిజమే. కాని దావీదు తన బలం చూసుకుని మురిసిపోవడానికి లెక్కపెట్టాడు. మోషే కూడా లెక్కపెట్టాడు కదా, ఆ లెక్కలతో సంఖ్యాకాండమని ఒక పుస్తకమే ఉంది.

నాలుగు ఎంత మంచి అంకె అనుకున్నావు. మూడు పరలోకానిది, నాలుగు ఈ భూమిది. దిక్కులు నాలుగు, గాలులు నాలుగు, సువార్తలు నాలుగు. ఏదెను తోటలోంచి పారిన నది నాలుగు పాయలైంది. నీ బిడ్డలు నాకు ఆ నాలుగు పాయలు. మొదటి మూడు ఏయే దేశాల వైపు పారాయో చెప్పిన గ్రంథం, నాలుగోదానికి పేరొక్కటే చెప్పి ఊరుకుంది. మన పాప్పా ఎంత దూరం పోతుందో ఎవరు చెప్పగలరు?

మీ వదిన పోయినప్పటి నుంచి నా ఇంట్లో తలల లెక్క ఒకటే. నిన్న ఆ లెక్క కాగితంలో నా పేరు రాసుకుని, కింద గీత గీశాను. నీ వాకిట నలుగురని చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషమైందో నీకు తెలియదు.

ఇట్లు,
నీ కోపాన్ని మూటగట్టుకు వచ్చిన అన్న.


కోవిల్‌పట్టి,
1931 మార్చి 17.

అన్నకు జ్ఞానతాయి రాసేది.

నీ జాబు తెచ్చిన తపాలవాడు ఇదేం రాతని అడిగాడు. మా నాయన తెలుగు బైబిలు పెట్టి మా ఇద్దరికీ నేర్పిన రాత, ఈ ఊళ్ళో మా ఇంటికి తప్ప ఎవరికీ రాదు అని చెప్పాను. మన కొట్లాటలు వీధిలో ఎవరూ చదవలేరు, అదొక మేలు.

నువ్వు మారవు. నీకు నాలుగు అప్పడాలు వడ్డిస్తే నాలుగు దిక్కులంటావు, ఏడు వడ్డిస్తే సృష్టి పూర్తయిందంటావు, ఆరు వడ్డిస్తే ఒకటి తక్కువ, ఇది మనిషి అంకె అని ఇంకొకటి అడుగుతావు. వదిన నిన్ను ఎలా భరించిందో.

నాకు కోపం లేదు అన్నా. కోపమైతే ఆ రోజే నిన్ను నాలుగు తిట్టి తీర్చుకునేదాన్ని. నాది భయం. అమ్మ ఎవరడిగినా, కన్ను తగులుతుందని ఒక బిడ్డను తగ్గించి చెప్పేది, గుర్తుందా? మగబిడ్డవని నిన్నే దాచేది. గుడికి కొత్తగా వచ్చిన దొరసాని అడిగినా, నాకు ఉండేది ఒక ఆడపిల్లే అని నన్నే చూపించేది. నువ్వు అలా దాగి బతికి, ఇప్పుడు నాకు సంఖ్యాకాండం చెబుతున్నావు. అమ్మ వింటే నవ్వును.

మోషే లెక్కపెట్టాడని రాశావు. తెగులు రాకుండా ఒక్కో తలకూ ప్రాణానికి బదులుగా ఇంత ఇమ్మన్నాడని కూడా నాయన చెప్పాడు. అది రాయలేదేం, మరిచిపోయావా? మేం రోజూ వంటకు ముందు గుడికోసం ఒక పిడికెడు బియ్యం తీసి కుండలో వేస్తాం కదా. నువ్వు వెళ్ళిన మర్నాడు నలుగురికీ నాలుగు పిడికిళ్ళు వేశాను. నాలుగోదానికి వచ్చేసరికి బానలో నూకలే మిగిలాయి. అవే వేశాను. దేవుడికి మా ఇంటి సంగతి తెలుసు.

పాప్పా గడప మీద కూర్చుని తెల్లచొక్కా వేసుకున్న ప్రతివాణ్ణీ మామా అని పిలుస్తోంది. నువ్వు కాదని తెలిశాక, "మామ రైల్లో ఉండాడు" అని తనకు తనే చెప్పుకుంటుంది. సెలవుల్లో రా. వచ్చేటప్పుడు అంకెలు అక్కడే పెట్టి రా.

ఎండలు ముదిరాయి. లైను బావిలో నీళ్ళు అడుగుకు పోయాయి, బురద తోడుకుంటున్నాం.

ఇంతే సంగతులు,
భయపడే చెల్లెలు.


విరుదునగరం,
1931 ఏప్రిల్ 27.

నా తల్లి జ్ఞానతాయికి,

బావ ఇచ్చిన తంతి మంగళవారం పొద్దున అందింది. పాప్పా వాంతిభేదితో ప్రభువు దగ్గరికి పోయిందని మాత్రమే అందులో ఉంది. అంతకంటే ఏముంటుంది.

నేను రాలేకపోయాను. మా మిషను బడికి ఇన్‌స్పెక్టరు వచ్చే వారం అది. దొరగారు సెలవు ఇవ్వలేదు. మన్నించు.

ఏం రాయాలో తెలియడం లేదు. గ్రంథం తెరిస్తే యోబు కథ వచ్చింది. ఏడుగురు కొడుకులూ ముగ్గురు కూతుళ్ళూ ఒక్కరోజే పోయారు. ఏడూ మూడూ పరిపూర్ణమైన అంకెలు, రెండూ కలిసి పది. దేవుడు అతని పరీక్ష ముగిశాక మళ్ళీ ఏడుగురినీ ముగ్గురినీ ఇచ్చాడు. తీసుకున్నవాడు ఇవ్వగలడు. నువ్వు చిన్నదానివి. మిగిలిన ముగ్గురి ముఖం చూసి ధైర్యం తెచ్చుకో. పాప్పా ఇప్పుడు పన్నెండు గుమ్మాల పట్టణంలో ఉంది. ఆ గుమ్మాలు పగలు మూయరు, అక్కడ రాత్రి లేదు.

బావను కనిపెట్టి చూసుకో. నీళ్ళు కాచి తాగండి.

వేదమాణిక్కం.


కోవిల్‌పట్టి,
1931 జూలై 9.

అన్నకు,

రెండున్నర నెలలు నీకు రాయకూడదనే ఉన్నాను. రాస్తే ఏం రాస్తానోనని. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో నీకు తెలియాలి. పాప్పా తెల్లవారి పోయింది. తంతి అందితే మధ్యాహ్నం బండికి మామ వస్తాడని మీ బావ అందరికీ చెప్పాడు. మన మనుషుల్లో మేనమామ తెచ్చిన కొత్త గుడ్డ కప్పనిదే బిడ్డను ఎత్తరు. గుడికి పోయినా, పేర్లు మార్చుకున్నా, ఆ ముచ్చట మనం వదల్లేదు. సర్కారు మనుషులు సున్నం బుట్టలతో వచ్చి తొందరపెట్టారు. ఇది వాంతిభేది, ఉంచకూడదన్నారు. ఆయన వాళ్ళ కాళ్ళు పట్టుకుని బండి వచ్చేదాకా ఆగమన్నాడు. బండి కూత ఇంట్లోకి వినిపించింది. నేను లేచి దాని జుట్టు సరిచేశాను, మామ చూస్తాడని. నువ్వు రాలేదు. పొద్దు వాలాక ఆయన పెళ్ళినాటి పంచె చించి కప్పి, చేతుల మీదే ఎత్తుకుపోయాడు.

ఇన్‌స్పెక్టరు వస్తాడని రాశావు. ఇన్‌స్పెక్టరుకు భయపడే మనిషివి కావు నువ్వు. ఊరంతా వాంతిభేది ఉందని విన్నావు, భయపడ్డావు. భయపడటం తప్పు కాదు, అందరికీ ప్రాణం తీపే. అది రాసి ఉంటే ఊరుకునేదాన్ని.

కాని యోబును ఎందుకు పంపావు? గొర్రెలు, ఒంటెలు, ఎద్దులు అన్నీ రెట్టింపు ఇచ్చిన దేవుడు బిడ్డల్ని మాత్రం పోయినంతమందినే ఇచ్చాడు. పోయిన బిడ్డ స్థానంలో ఇంకో బిడ్డ వస్తే లెక్క సరిపోతుందా? యోబు పెళ్ళాన్ని ఎవరైనా అడిగారా? పాప్పాకు బదులు ఎవరూ రారు. ఎంతమంది పుట్టినా రారు.

ఇంకెప్పుడూ నాకు అంకెలు రాయవద్దు.

జ్ఞానతాయి.


విరుదునగరం,
1931 జూలై 20.

తాయీ,

నువ్వు రాసింది నిజం. భయపడ్డాను. అంత భయపడినవాడికి నీ గడప తొక్కే యోగ్యత లేదు. నువ్వు రమ్మనేదాకా రాను.

అంకెలు రాయవద్దన్నావు. ఒక్కటి మాత్రం రాయనివ్వు, తర్వాత రాయను. యోబు సంగతి నేను సగమే చెప్పాను. చదువుకునే రోజుల్లో ఒక ముసలి పాస్టరయ్య దీనికి అర్థం చెప్పాడు. చచ్చిన గొర్రె ఇక లేదు, అందుకే దేవుడు గొర్రెల్ని రెట్టింపు ఇవ్వాల్సి వచ్చింది. చచ్చిన బిడ్డ ఉంది. అక్కడ పదిమంది, ఇక్కడ పదిమంది, అంటే బిడ్డలు కూడా రెట్టింపే. తండ్రి లెక్కలో పోయినవాళ్ళు తగ్గరు. ఏప్రిల్‌లో నేను రాయాల్సింది ఇది. తొందరలో అది రాశాను. నీ బిడ్డలెందరో ఇప్పుడు చెప్పే హక్కు నాకు లేదు గనుక అంకె వేయడం లేదు.

ఆదివారపు బడిలో పిల్లలకు అంకెల పాఠం చెప్పడం మానేశాను. దొరగారు కారణం అడిగారు. గొంతు బాగాలేదన్నాను.

పిల్లలకు నా దీవెనలు చెప్పు, చెప్పాలనిపిస్తే.

వేదమాణిక్కం.


కోవిల్‌పట్టి,
1932 ఫిబ్రవరి 11.

అన్నకు,

నీ పోయిన జాబు చదివి పొయ్యిలో పెట్టబోతే మీ బావ లాక్కుని పెట్టెలో దాచాడు. ఒప్పుకున్నాడు చూడు, ప్రాణభయంతోనే రాలేదని ఒప్పుకున్నాడు అని నేను ఆయన మీద అరిచాను. ఇన్ని నెలలూ అదే అనుకుంటూ ఉన్నాను. పండక్కి కూడా రాయలేదు అందుకే.

మొన్న ఒక సంగతి జరిగింది. స్టేషన్లో మూటలు మోసే రామసుబ్బు నీకు తెలుసు, నువ్వు వచ్చినప్పుడల్లా నీ పెట్టె తెచ్చేవాడు. అతని కూతురి పెళ్ళికి పిలవడానికి ఇంటికి వచ్చాడు. మాటల్లో నీ సంగతి వచ్చింది. మీ మామ ఎందుకు రావడం లేదని మా పెద్దవాణ్ణి అడిగాడు. తర్వాత మీ బావతో ఇలా అన్నాడు: "ఆ బిడ్డ పోయిన దినం ఉపదేశియారు బండి దిగినాడే. తెల్లగుడ్డ ఒళ్ళో పెట్టుకోని బెంచీలో కూకోనుండె. నేను కూడా వస్తా అంటే వద్దనె. సాయంత్రం బండెక్కి పోయిడిసె."

అతను వెళ్ళిపోయాక మీ బావ పెట్టెలోంచి నీ జాబు తీసి నాచేత మళ్ళీ చదివించాడు.

నువ్వు వచ్చావు. మేం సర్కారు మనుషుల కాళ్ళు పట్టుకుని ఆపుతున్నప్పుడు నువ్వు స్టేషన్లో ఉన్నావు. అక్కడికీ మా ఇంటికీ ఎంత దూరం? రామసుబ్బు నీకు స్టేషను కుళాయిలో నీళ్ళు పట్టి ఇచ్చాడట, తాగావట. ఊరంతా వాంతిభేది ఉన్నప్పుడు ఆ నీళ్ళు తాగినవాడికి ప్రాణభయం ఏమిటి?

నువ్వు దేనికి భయపడ్డావు? సూటిగా రాయి. గ్రంథం తెరవకుండా రాయి.

జ్ఞానతాయి.


విరుదునగరం,
1932 ఫిబ్రవరి 16.

తాయీ,

సూటిగానే రాస్తాను. నీకు భయపడ్డాను.

నువ్వు దాచిన బిడ్డను నేను చూపించాను. ముగ్గురని చెప్పి నువ్వు కాపాడుకుంటున్నదాన్ని, నలుగురని చెప్పి పట్టి ఇచ్చాను. రెండు నెలలు తిరగకుండా ఆ నాలుగోదే పోయింది. నలుగురిలో వేరే ఎవరూ కాదు, నేను వేలు పట్టుకుని ముందుకు తెచ్చినదే. తంతి చదవగానే నాకు తోచింది ఇదే. దావీదు కథకు నేను చెప్పిన అర్థాలన్నీ ఆ క్షణంలో ఎగిరిపోయాయి.

అయినా గుడ్డ కొని బండెక్కాను. నీ ఊళ్ళో దిగాను. అక్కడినుంచి కాళ్ళు సాగలేదు. నేను వాకిట్లోకి రాగానే నువ్వు తలెత్తి చూస్తావు, నా నోటివైపు చూస్తావు అనిపించింది. అందరి ముందూ నువ్వు ఆ మాట అంటే నేను ఏమవుతాను? నువ్వు అనకుండా ఊరుకుంటే? అది ఇంకా భరించలేను. సాయంత్రం బండి వచ్చింది, ఎక్కాను. మీరు నాకోసం ఆగారని నీ జాబు వచ్చేదాకా నాకు తెలియదు. తెలిసినా కదిలేవాణ్ణో కాదో చెప్పలేను.

నేను భయపడ్డానని నువ్వు రాసినప్పుడు, నా భయం ఏమిటో నీకు తెలుసని అనుకున్నాను. వాంతిభేది అని మర్యాదకు రాశావనుకున్నాను. అందుకే ఒప్పుకున్నాను.

ఆ గుడ్డను ఇంట్లో ఉంచుకోలేక దొరల ఆసుపత్రిలో ఒక బిడ్డ తల్లికి ఇచ్చేశాను.

దావీదు తప్పు చేశాక, ఈ గొర్రెలు ఏం చేశాయి, నన్ను కొట్టు అని దేవుణ్ణి అడిగాడు. నేనూ అడిగాను. గ్రంథం తెరవవద్దన్నావు, ఇది తెరవకుండానే గుర్తున్నది.

నీ అన్న.


కోవిల్‌పట్టి,
1932 మార్చి 1.

అన్నకు,

జాబు రాగానే బదులు రాయలేదు. మూడుసార్లు చదివాను. మీ బావకు కూడా చదివి వినిపించాను. ఆయన బయటికి వెళ్ళి వాకిట్లో కూర్చున్నాడు.

నీకు అబద్ధం రాయను. ఆ రోజు నాకూ ఆ మాట తట్టింది. దాని ఒళ్ళు చల్లబడుతున్నప్పుడు, చెప్పకుండా ఉండాల్సింది, అన్న చెప్పాడు అనుకున్నాను. అనుకుని నీమీద పగబట్టాను. కొంతసేపే. తర్వాత నా మీదికే వచ్చింది. గుడి కుండలో నాలుగో పిడికెడు నూకలు వేశాను కదా, దేవుడు అది చూశాడనుకున్నాను. పక్క వీధిలో అప్పు తెచ్చయినా మంచి బియ్యం వేసి ఉంటే బిడ్డ దక్కేదని రోజుల తరబడి తల కొట్టుకున్నాను. నువ్వు అక్కడ ఒక లెక్క వేసుకుని చస్తుంటే, నేను ఇక్కడ ఇంకో లెక్క వేసుకుని చస్తున్నాను.

పంచవర్ణం గుర్తుందా, మా పక్కిల్లు? వాళ్ళు గుడికి వచ్చేవాళ్ళు కారు, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటారు. ఆ లెక్క రాసే మనిషి వచ్చిన రోజు తన బిడ్డలిద్దరినీ పత్తి గోతాల వెనక దాచి, నాకు పిల్లల్లేరని చెప్పింది. ఒక్కరినీ రాయించలేదు. పాప్పా పోయిన మూడో రోజు ఇద్దరూ పోయారు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని, "నేను ఒకర్ని కూడా సెప్పలేదే అక్కా. అయినా ఇద్దురూ పోయిరే" అంది. అప్పటికే నేను నీ గురించి అలా అనుకోవడం మానేశాను. మేమందరం తాగింది ఆ లైను బావి నీళ్ళే. ఇప్పుడు దాన్ని పూడ్చేశారు. ఈ సంగతి నీకు అప్పుడే రాసి ఉంటే బాగుండేది. నువ్వు అలా అనుకుంటున్నావని నాకేం తెలుసు?

పోయిన వారం మిషను ఆసుపత్రి దొరసాని లైను ఇళ్ళు చూడటానికి వచ్చింది. బిడ్డలెందరు అని అడిగింది. నలుగురన్నాను. పరాయి మనిషి ముందు ఒకరిని తగ్గించకుండా చెప్పడం నా జన్మలో అదే మొదటిసారి. ఇంట్లో ముగ్గురే ఉన్నారే అంది. నలుగురూ ఉన్నారు అన్నాను. ఇక పాప్పాను దాచాల్సిన పని లేదు అన్నా. దానికి ఎవరి కన్నూ తగలదు. ఆ మాట అన్నాక లోపలికి వచ్చి బాగా ఏడ్చాను.

నీ నోటివల్ల బిడ్డ పోలేదు. ఇది నేను మనసారా రాస్తున్నాను, నువ్వు నమ్మాలి. కాని నువ్వు రాలేదు. అది మాత్రం నీదే. బండి కూత విని దాని జుట్టు దువ్విన చెయ్యి ఇది. దీనికి ఏ అర్థం చెబుతావో చెప్పు, నాకు సరిపోదు.

ఆదివారం బండికి రా. బెంచీ మీద కూర్చోవద్దు. నువ్వు దారిలో మనసు మార్చుకుంటావని మీ బావ తనే స్టేషనుకు వస్తానంటున్నాడు. పిల్లలు నిన్ను గుర్తుపడతారో లేదో తెలియదు, పెద్దవాడు కాస్త సిగ్గుపడతాడు.

తప్పు చేసినవాణ్ణి ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే, ఏడు కాదు, డెబ్బై ఏడులు అన్నాడట ప్రభువు. ఏడు అంటే నిండుతనం, అది డెబ్బైసార్లు నిండాలి అని నువ్వు గుడిలో చెప్పగా విన్నాను. నాకు అంత దూరం తెలియదు. నేను ఇంకా మొదటిదాని దగ్గరే ఉన్నాను, అదీ చేతకావడం లేదు. జాబుల్లో అది జరిగే పని కాదు. నువ్వు వచ్చి ఎదురుగా కూర్చో. మొదలుపెడతాను.

నీ చెల్లెలు,
జ్ఞానతాయి.